ఖాళీకీ ‘లేవు’కీ మధ్య

“ఆ రోజు నువ్వన్న మాట మళ్ళీ అను. అక్షరం తేడా రాకూడదు,” అన్నాడు డిటెక్టివ్.

స్టాఫ్ నర్సు తలెత్తలేదు. రెండు రోజుల్లో ఆ మాట పదకొండు మందికి చెప్పింది. పన్నెండోవాడికి చెప్పడానికి ఆమెలో ఓపిక మిగల్లేదు. దుప్పట్ల గదిలో, మడతపెట్టిన తెల్లటి గుట్టకి చేరబడి కూర్చుంది.

“స్క్రీన్ మీద అలర్జీలేం లేవండీ అన్నాను. అంతే.”

“ఎవరితో?”

“ముందు డ్యూటీ డాక్టరుగారితో. తర్వాత ఇన్‌స్పెక్టరుగారితో. తర్వాత అద్దంతో.”

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో డిటెక్టివ్ నేర్చుకున్నది ఒకటే. చెప్పగా చెప్పగా అబద్ధానికి మెరుగొస్తుంది, నిజం అరిగిపోతుంది. ఈమె మాట బాగా అరిగిపోయి ఉంది. అది మంచి గుర్తే, కాని అరిగిపోయిన మాటని ఏ కోర్టూ నమ్మదు.

జరిగింది చిన్నదే. మంగళవారం ఉదయం పదీ ఇరవైకి, రెండో అంతస్తు వార్డులో, పద్నాలుగో మంచం మీది గడియారాల మేస్త్రికి ఈమె పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చింది. పదీ నలభై ఒకటికి ఆయన పోయాడు. ఆయనకి పెన్సిలిన్ పడదని, ఆ సంగతి ఎనిమిదీ అయిదుకే అడ్మిషన్ కౌంటర్లో రాసి ఉందని, ఇప్పుడు ఏ కంప్యూటర్ తెరిచినా ఎర్రటి గడిలో కనబడుతోంది. ఈమె మాత్రం లేదంటోంది. ఈ రోజు గురువారం. ఒంటిగంటకి ఇన్‌స్పెక్టరు ఈమెని తీసుకెళ్తాడు. ఇప్పుడు పదకొండూ పది.

“మా వదినకి నోరెక్కువ సార్,” అంది తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు. డిటెక్టివ్‌ని పిలిపించింది ఆమే. “నా పెళ్ళిలో మా అత్తగారితోనే పేచీ పెట్టుకుంది. ఈవిడంటే నాకు పడదు. ఆ సంగతి ఈవిడకీ తెలుసు. కాని చూడనిది చూశానని చెప్పే రకం కాదు.”

“పడదని ఇంత బాహాటంగా చెప్పుకునే ఇళ్ళు తక్కువమ్మా,” అన్నాడాయన. “కంప్యూటర్లకీ ఆ అలవాటుంటే బాగుండేది.”

జేబులోంచి నర్సు వాంగ్మూలం నకలు తీసి కళ్ళకి దూరంగా పట్టుకుని చదివాడు. ‘అలర్జీలు లేవు అని స్క్రీన్ మీద ఉన్నట్లు చూశానని చెప్పినది.’ ఇన్‌స్పెక్టరు దస్తూరీ ఆయనకి బాగా తెలుసు. ఒకప్పుడు ఆ దస్తూరీ దిద్దించింది ఆయనే.

“‘లేవు’ అని రాసుందా? లేకపోతే ఏమీ రాసి లేదా?”

ఆమె మొదటిసారి తలెత్తింది. “రెండిటికీ తేడా ఏంటండీ?”

“నాకు తెలీదు. నువ్వే చెప్పాలి.”

ఆమె చూపు గోడ మీద ఎక్కడో ఆ స్క్రీన్‌ని మళ్ళీ వెతుక్కుంటున్నట్టు ఉంది.

“కౌంటర్లో అడిగితే లేవన్నవాళ్ళకి ఆకుపచ్చ గడిలో ‘లేవు’ అని వస్తుంది. ఉన్నవాళ్ళకి ఎర్రగడి. ఆ రోజు…” వేలితో గాలిలో గడి గీసింది. “తెల్లగా ఉంది సార్. గడి ఉంది. లోపలేం లేదు.”

“ఖాళీ చూసి ఇంజెక్షన్ ఎలా ఇచ్చావు?”

ఈ ప్రశ్న పదకొండు మందిలో ఒక్కరూ అడిగినట్టు లేదు. ఆమె వేళ్ళు దుప్పటి అంచుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాయి.

“సోమవారం నించీ కొత్తగా చేరినవాళ్ళకి ఖాళీయే వస్తోంది సార్. ఆదివారం కౌంటర్లో కొత్త ఫారం పెట్టారు. మొదటి రోజు ఫోన్ చేసి అడిగాను. ‘మేం ఎక్కించాం, మీరే సరిగ్గా చూసుకోండి’ అన్నారు. మంగళవారం ముప్ఫై రెండు మంచాలకి ఇద్దరం ఉన్నాం. ఫోన్ చెయ్యడం మానేశాను. ఆయన్నే అడిగాను. ‘పెద్దాయనా, మందులేమన్నా పడవా?’ అని. జ్వరంలో ఉన్నాడు. ‘ఊఁ’ అన్నాడు.”

“ఊఁ అంటే?”

“అదే సార్. పడవు అని ఊఁ అన్నాడో, ఊరికే ఊఁ అన్నాడో. నాకు కావలసిన ఊఁ నేను వినేసుకున్నాను.”

ఆడపడుచు మొహం పక్కకి తిప్పుకుంది. డిటెక్టివ్ లేచాడు. మోకాలు కటుక్కుమంది. ఆమె తప్పు ఎంతో ఇప్పుడాయనకి తెలుసు. అది ఉంది, కాని ఆమె మీద మోపినంత లేదు. ఈ రెంటికీ మధ్య దూరం కొలవడమే తన పని అని ఎప్పటినుంచో అనుకుంటూ ఉన్నాడు. ఈ మధ్య ఆ పని చేసినప్పుడల్లా నిద్ర రావడం మొదలైంది.

వార్డులో పద్నాలుగో మంచం పరుపు మడిచి ఉంది. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఆయన చూడదలచుకున్నది మంచాన్ని కాదు, డ్యూటీ టేబుల్ని. టేబుల్ మీద కంప్యూటర్, ల్యాండ్ ఫోన్, ఇంజెక్షన్ల ట్రే. గోడకి మందుల రౌండ్ల కాగితం: ఉదయం పదింబావు, మధ్యాహ్నం పన్నెండున్నర. నర్సు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. బదులు డ్యూటీకి వచ్చిన నర్సు ఒక్కో మంచం పేజీ తెరిచి చూపించింది.

పద్నాలుగు: ఎరుపు. పెన్సిలిన్. నమోదు, ఎనిమిదీ అయిదు.

ఒకటి: ఆకుపచ్చ. రెండు: ఆకుపచ్చ. మూడు: తెలుపు. నాలుగు: ఎరుపు. అయిదు: తెలుపు.

“తెల్లగా ఉన్నవాళ్ళు ఎప్పుడు చేరారు?”

“సోమవారం నించీ వచ్చినవాళ్ళంతా అంతే సార్.”

“అందరూనా?”

“అందరూ. తొమ్మిది మంది.” మళ్ళీ తడుముకుంది. “పద్నాలుగో మంచం ఆయనతో పది. ఆయనకి మాత్రం వచ్చింది.”

డిటెక్టివ్ ఆ వాక్యాన్ని పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు. మంగళవారం చేరినవాడు. అదే కౌంటరు, అదే కొత్త ఫారం. పదిమందిలో తొమ్మిదిమందికి తెలుపు, ఒక్కడికి ఎరుపు. ఆ ఒక్కడూ బతికి లేడు. టైము పదకొండూ యాభై రెండు.

రికార్డుల గది కింది అంతస్తులో, మెట్ల వెనక ఉంది. ఇప్పుడక్కడ కాగితం ముక్క లేదు, అయినా బీరువాల వాసన పోలేదు. ఆ గదికి పెద్దని ఆసుపత్రి అంతా ‘పెద్దఫైలు’ అని పిలుస్తారు. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్న, మెత్తగా మాట్లాడే మనిషి.

“రండి సార్, కూర్చోండి. ఆ అమ్మాయి విషయంలో మాకూ బాధగానే ఉంది. కాని రికార్డు అబద్ధం చెప్పదు కదండీ.”

“చెప్పదు. మనం అడిగిన దానికే జవాబు చెబుతుంది. అడగని దానికి నోరు విప్పదు,” అన్నాడు డిటెక్టివ్. “ఆ ఎర్ర గడి ఎక్కణ్ణించి వస్తుందో ఒకసారి చూస్తాను.”

“అది బయటివాళ్ళకి చూపించకూడదండీ.”

“బయటివాడేంటి, నా బావ!”

గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నవ్వుతున్నాడు. డిటెక్టివ్ భార్యకి ఆఖరి తమ్ముడు. ఆ నవ్వు అచ్చం ఆమెదే. ఆమె పోయి మూడేళ్ళయినా ఆ నవ్వు కనబడ్డప్పుడల్లా డిటెక్టివ్ ముందు చూపు దించుకుని, తర్వాతే మాట్లాడతాడు.

“రిటైరైనవాళ్ళు మొక్కలకి నీళ్ళు పోస్తారు బావా. నువ్వేమో నా కేసులో పోస్తున్నావు.”

“ఎండిపోతోంది మరి.”

“ఎండడం కాదు, పండింది. ఒంటిగంటకి కోత.” కుర్చీ తిప్పి ఎదురుగా కూర్చున్నాడు. “ఆమె అబద్ధమాడింది. స్క్రీన్ మీద ‘లేవు’ అని చూశానంది. ఆ మేస్త్రి పేరు మీద ‘లేవు’ అన్న మాట ఈ కంప్యూటర్లో ఏ రోజూ లేదు. వెతికించాను.”

“ఆమె ‘లేవు’ని చూడలేదు. ఏమీ చూడలేదు. రెంటినీ ఒకటి చేసింది నీ కలం.”

“మాటలు పట్టుకుని వేలాడకు బావా.”

“ఆ మాటకి ఆమె వేలాడుతుందిరా.”

ఇన్‌స్పెక్టరు నవ్వు ఆగిపోయింది. “మాటల లోతు నువ్వు చెప్పాలి నాకు! మా అక్క ఏడాది పాటు నొప్పితో తిరిగింది. ఎలా ఉందని అడిగితే ‘ఏం లేదు’ అనేది. ఏం లేదంటే ఏమీ లేదనుకుని పేపరు చదువుకున్నావు. ఆ రోజు ఎక్కడికి పోయింది ఈ తెలివి?”

పెద్దఫైలు బల్ల మీద లేని దుమ్ము తుడిచాడు.

డిటెక్టివ్‌కి కోపం రాలేదు. ఎన్నాళ్ళుగానో తనకి తాను చెప్పుకుంటున్న మాట ఇంకొకరి నోటి వెంట వస్తే వింతగా అలసట తగ్గుతుంది, బరువుకి రెండో చెయ్యి వేసినట్టు.

“ఆ రోజు అడగలేదురా,” అన్నాడు. “అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.”

ఇన్‌స్పెక్టరు చేత్తో గాలిని తోసేశాడు. “చూపించండి. ఈయన తృప్తి ఎందుకు కాదనాలి.”

పెద్దఫైలు కదల్లేదు. గది మూల నుంచి ఒక కుర్చీ కిర్రుమంది. డేటాబేస్ చూసేవిడ అంతసేపూ అక్కడే ఉంది. కళ్ళజోడు దారానికి కట్టుకున్న నడివయసు మనిషి. ఆవిడని రెండు రోజుల్లో ఎవరూ ఏమీ అడగలేదు.

“నేను చూపిస్తానండీ,” అంది. “రోగుల వివరాలు ఒక అరలో ఉంటాయి. మేం కలెక్షన్ అంటాం. అలర్జీ చీటీలు ఇంకో అరలో, మందుల చీటీలు మూడో అరలో. వార్డులో పేజీ తెరవగానే రోగి నంబరు పట్టుకుని మూడిట్నీ జోడించి చూపిస్తుంది.”

“జోడీ దొరక్కపోతే?”

“ఊరుకుంటుంది. పెళ్ళిళ్ళ పేరయ్య కూడా నయం, సంబంధం కుదరకపోతే కబురన్నా పెడతాడు. ఇది ఖాళీ గడి చూపించి చేతులు దులుపుకుంటుంది.”

మేస్త్రి అలర్జీ చీటీ తెర మీదికి వచ్చింది. రోగి నంబరు, పెన్సిలిన్, ఎనిమిదీ అయిదు. అన్నిటికీ పైన, అంకెలూ అక్షరాలూ కలగలిసిన ఒక పొడుగాటి వరస.

“ఇదేంటి?”

“చీటీ సొంత నంబరండీ. మనం ఇచ్చేది కాదు, పుట్టగానే దానంతటదే వస్తుంది. నుదుటి రాత అనుకోండి. ముందున్న ఎనిమిది అక్షరాల్లో పుట్టిన సెకను ఉంటుంది.” ఆవిడ వేళ్ళు ఆగాయి. ఆగినట్టు ఆవిడకే ఆలస్యంగా తెలిసింది. “కింద టైము మనం ఎలాగైనా రాసుకోవచ్చు. ఇది మాత్రం మార్చడం కుదరదు. చీటీని చంపి కొత్తది పుట్టించాల్సిందే.”

“చదవండి.”

ఎనిమిది అక్షరాలు తెర మీద ఇంకో కిటికీలో అతికించింది. జవాబు వచ్చింది. ఆవిడ చదవలేదు. ఇన్‌స్పెక్టరు వంగి తనే చదివాడు.

“మంగళవారం. పదీ యాభై రెండు. ముప్ఫై ఒకటో సెకను.”

“మనిషి పోయింది పదీ నలభై ఒకటికి,” అన్నాడు డిటెక్టివ్. “ఆయన పోయిన పదకొండు నిమిషాలకి ఆయన అలర్జీ పుట్టింది.”

ఇన్‌స్పెక్టరు మరోసారి చదివాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. ఆ తిరగడంలో బావమరిది పోయి పోలీసు వచ్చాడు. “ఎవరు పుట్టించారు?”

“కొత్త ఫారంలోంచి వచ్చింది కాదిది,” అంది డేటాబేస్ చూసేవిడ, తెర వైపే చూస్తూ. “పాత ఫారం. ఆదివారం అన్ని కంప్యూటర్లలోంచీ తీసేశాను. ఒక్కదాంట్లో ఉండిపోయింది. కొత్తది నేర్చుకోవడానికి తీరిక లేదన్నారు.”

ఎవరన్నారో చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. పెద్దఫైలు మెడ దగ్గరి గుండీ విప్పుకున్నాడు.

“నేను దొంగచీటీ పుట్టించలేదండీ,” అన్నాడు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. “ఎనిమిదీ అయిదుకి చీటీ ఉంది. పెన్సిలిన్ అని నిజంగానే ఉంది. వార్డువాళ్ళు ఫోన్ చేశాక చూశాను. ఉంది, కాని జోడీ కుదరలేదు. కొత్త ఫారం రోగి నంబరుని అక్షరాలుగా రాస్తోంది. పాతది అంకెగా రాసేది.”

“నంబరు నంబరే కదయ్యా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మన కళ్ళకి,” అంది డేటాబేస్ చూసేవిడ. “పేరొకటే, ఇంటిపేరు వేరు అనుకోండి. మనం ఒకే మనిషంటాం. అది వేరే మనిషంటుంది.”

“దిద్దుదామంటే దిద్దే పేజీలో తేడా కనబడదు,” అన్నాడు పెద్దఫైలు. “తీసేసి, నా కంప్యూటర్లో పాత ఫారంతో మళ్ళీ రాశాను. టైము ఎంత ఉందో అంతే వేశాను. ఉన్నదాన్ని ఉన్నట్టు పెట్టాను, అంతేనండీ. కొత్త ఫారం పరీక్షించి చూశానని సంతకం పెట్టింది నేను. చూడలేదు. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది నాకు.”

డిటెక్టివ్ ఆయన్ని చూస్తూ కూర్చున్నాడు. దుర్మార్గుణ్ణి పట్టుకున్నప్పుడు కలిగే చిన్నపాటి సంతోషమైనా ఉంటే బాగుండేది. ఎదుట ఉన్నది సంతకం పెట్టి అలసిపోయిన మనిషి. అచ్చం తనలాంటివాడే. ఆమె ఒంటిగంట గండం తప్పింది, చాలు, ఇంటికి పోయి పడుకోవచ్చు అనుకున్నాడు.

“నాకు చెబితే ఒక్క వరస కమాండుతో అన్నీ సరిచేసేదాన్ని కదండీ,” అంది డేటాబేస్ చూసేవిడ నెమ్మదిగా.

లేవబోతున్న డిటెక్టివ్ ఆగిపోయాడు. “అన్నీ అంటే?”

డిటెక్టివ్‌కి వార్డు పేజీలు గుర్తొచ్చాయి. మూడు తెలుపు, అయిదు తెలుపు. తొమ్మిది తెల్ల గడులు. అవి ఎవరూ అడగని ఖాళీలని అంతసేపూ అనుకున్నాడు. కౌంటరువాళ్ళు అడిగారు, రాశారు కూడా. రాసినవన్నీ పక్క అరలో, ఇంటిపేరు కలవక, గుమ్మం బయట నిలబడి ఉన్నాయి.

“ఒక్క చీటీయే సరిచేశావా?” అన్నాడు పెద్దఫైలుతో. “చచ్చిపోయినవాడిది. బతికున్నవాళ్ళవి వదిలేశావా?”

“అన్నీ ఒకేసారి రంగు మారితే అందరికీ తెలిసిపోతుంది కదండీ. ఈ ఆదివారం నెమ్మదిగా…”

ఇన్‌స్పెక్టరు ఆయన కాలరు పట్టుకున్నాడు. డిటెక్టివ్ అటు చూడలేదు. “రెండో అంతస్తు వార్డు. జోడీ లేని అలర్జీ చీటీలు తియ్యండమ్మా. ఈ పూట ఇవ్వాల్సిన మందులతో కలపండి.”

ఆవిడ వేళ్ళు పరిగెత్తాయి. తొమ్మిది వరసలు వచ్చాయి. ఏడింటిలో ‘లేవు’. ఒకదానిలో ఏదో పూత మందు. తొమ్మిదో మంచం: పెన్సిలిన్. మందుల చీటీలోనూ పెన్సిలిన్. పన్నెండున్నర రౌండు.

గోడ గడియారం పన్నెండూ ఇరవై ఎనిమిది చూపిస్తోంది.

“పరిగెత్తరా!” అన్నాడు. ఇన్‌స్పెక్టరు అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

డిటెక్టివ్ మోకాలు మెట్లకి పనికిరాదు. ఫోన్ అందుకున్నాడు. నాలుగుసార్లు మోగింది, అయిదోసారికి ఎత్తారు. బదులు నర్సు గొంతు.

“తొమ్మిదో మంచం. అలర్జీ గడిలో ఏముందమ్మా?”

“ఏం లేదు సార్.”

“‘లేవు’ అని ఉందా, ఖాళీగా ఉందా?”

క్షణం ఆలోచించింది. “ఖాళీ సార్. అదంతే కదా. నాతో ఉన్న నర్సు సూది తీసుకుని ఆ మంచం దగ్గరికే…”

“ఆపమను!”

రిసీవరు బల్ల మీద పడ్డ చప్పుడు. పరుగు. ట్రే ఏదో కింద పడింది. తర్వాత నిశ్శబ్దం. జీవితంలో మొదటిసారి ఆయన నిశ్శబ్దాన్ని ఏమీ లేదని అనుకోలేదు. రిసీవరుని చెవి నొప్పెట్టేలా అదుముకున్నాడు.

“బావా.” ఇన్‌స్పెక్టరు రొప్పుతున్నాడు. “ఆగింది. దూది రాసి ఉంది, సూది గుచ్చలేదు. ఇరవై ఏళ్ళు కూడా లేవు బావా ఆ పిల్లకి.” ఊపిరి తీసుకున్నాడు. “ఆ నర్సమ్మకి ఒంటిగంట సంగతి మర్చిపొమ్మని నువ్వే చెప్పు. నాకు మొహం చెల్లదు.”

డిటెక్టివ్ ఫోన్ పెట్టేసి కళ్ళు మూసుకున్నాడు. అలవాటైన నిద్ర మళ్ళీ వస్తోంది.

“సార్,” అంది డేటాబేస్ చూసేవిడ.

కళ్ళు తెరిచాడు. ఆవిడ కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ఉంది.

“మీరు రెండో అంతస్తు అన్నారు. నేను రెండో అంతస్తే అడిగాను.” తెర ఇటు తిప్పింది. వరసలు కింది దాకా నిండి ఉన్నాయి. “ఆసుపత్రి మొత్తం అడిగితే నలభై ఒకటి వచ్చాయి. ఇది చూడండి. ‘మత్తుమందు పడదు.’ ఆపరేషన్ థియేటర్. లోపలికి తీసుకెళ్ళింది పన్నెండూ ఇరవైకి.”

ఆయన చెయ్యి ఫోన్ మీదకి వెళ్ళింది. తన కేసు వరకే తనూ సరిచేసుకున్నాడు.

“థియేటర్ నంబరెంత?”

కాలరు చెదిరిన పెద్దఫైలు గోడ వైపు చూస్తూ జవాబిచ్చాడు.

“తలుపులు మూశాక అక్కడ ఫోన్ ఎవరూ ఎత్తరండీ.”